తేరు కదలకముందే

"ఈ యేడన్నా తేరుకు పోదాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మీరూ సరేనంటారు. ఆ రోజు రానే వస్తుంది. తలస్నానాలు, పిల్లల జడలు, దీపం, చిత్రాన్నం అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. ప్రొద్దుటూరు బస్టాండులో సీటు దొరికేసరికి పది దాటుతుంది. జమ్మలమడుగులో దిగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని జనంలో పడి పోయేసరికి తేరు వీధి మలుపు తిరిగిపోయి ఉంటుంది. దూరంగా కలశం కనపడుతుంది. గాలికి ఊగే రంగుగుడ్డలు కనపడతాయి. సామి మాత్రం కనపడడు. ఎండ నెత్తికెక్కుతుంది, చిన్నది ఏడుపు మొదలుపెడుతుంది, పెద్దావిడ ఎక్కడన్నా కూర్చుందామంటుంది. ఇంటికొచ్చాక పక్కింటివాళ్లు అడిగితే "బాగా జరిగింది" అంటారు. నిజంగా మీరేం చూశారు?

ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. కొన్నేళ్ల కిందట మా జేజిని, అంటే మా నాయన తల్లిని, నేను ఇట్లాగే తీసుకుపోయాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. తేరు ముందు పోతుంటే వెనక నేను ఆమెను నడిపించాను. ఇంకో మలుపులో అందుకుందాం, ఇంకో మలుపులో అందుకుందాం అని నాలుగు వీధులు తిప్పాను. ఆ పొద్దంతా ఆమె తేరు వీపే చూసింది. రాత్రి మంచం మీద కూర్చుని పిక్కలు ఒత్తుకుంటూ, "సామి మొగం చూల్లేదు నాయనా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాతే నాకు ఒకటి తట్టింది. గర్భగుడిలో మూలవిరాట్టు కదలడు. ఏడాదంతా మనమే ఆయన దగ్గరికి పోతాం. మరి ఉత్సవమూర్తిని ఎందుకు బయటికి తెస్తారు? గుడి మెట్లెక్కలేని ముసలివాళ్లకు, పచ్చి బాలింతకు, మంచం పట్టినవాళ్లకు, అంగడి వదిలి రాలేనివాళ్లకు దర్శనం ఇవ్వడానికి. తేరు మన వీధికే వస్తుంది. అలాంటప్పుడు దాని వెంట మనం పరుగెత్తడమెందుకు? మంచి చోటు చూసుకుని ముందుగా పోయి కూర్చుంటే చాలు. ఈ అధ్యాయంలో నేను చెప్పే ప్రతి సలహా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

1. ఎవరి కోసం పోతున్నారు?

ముందు ఇది తేల్చుకోండి. "అందరి కోసం" అనకండి. మీ గుంపులో అందరికన్నా మెల్లగా నడిచేది ఎవరు? ఎండకు ముందు సొమ్మసిల్లేది ఎవరు? వాళ్ల కోసం ప్రయాణం కుదర్చండి. మిగిలినవాళ్లు సర్దుకుంటారు. మోకు పట్టి తేరు లాగాలని ఇంటర్ చదివే కొడుకు ఉబలాటపడతాడు, అవ్వకేమో కూర్చుని చూడాలని ఉంటుంది. ఇద్దర్నీ ఒకే చోట నిలబెడితే ఇద్దరికీ తృప్తి ఉండదు. కొడుకును వాడి స్నేహితులతో పంపి, తేరు వెళ్లాక కలుసుకునే చోటు ఒకటి చెప్పుకోండి.

2. ఏ తేరుకు పోవాలి?

మన కడప జిల్లాలో తేర్లకు కొదవ లేదు. అన్నీ ఒకే రకంగా మాత్రం ఉండవు. మీ ఇంటికి, మీ ఒంటికి సరిపడేది ఎంచుకోండి.

జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉన్న నారాపుర వేంకటేశ్వరస్వామి గుడి తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో ఉంది. బ్రహ్మోత్సవాలు వేసవిలో, మామూలుగా మే నెల ఎండల్లో వస్తాయి. ప్రొద్దుటూరు నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం. ముద్దనూరు మీదుగా పులివెందులవాళ్లకూ అందుబాటులోనే ఉంటుంది. ఊరి మనుషులు ఊరి సామిని ఊరి వీధుల్లో తిప్పుకునే తేరు ఇది. ఎవరో ఒకరు తెలిసినవాళ్లు తగులుతారు, ఎవరి అరుగో ఒకటి దొరుకుతుంది. ఎండను గెలవగలిగితే ఇంటిల్లిపాదికీ నేను ముందు చెప్పేది ఈ తేరే.

ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉంటే మాత్రం దేవుని కడపకు పోండి. అక్కడ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు మాఘమాసంలో వస్తాయి. తేరు రథసప్తమి నాడు లాగుతారు. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులవి. తిరుమల కొండకు పోయే దారిలో ఇది తొలి గడప అని మన పెద్దల నమ్మకం. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని ఈ గుడికి వచ్చే ఆనవాయితీ గురించి మీరు వినే ఉంటారు. ఆ గుడి ముందు నిలబడి తేరు చూడటం పిల్లలకు మనం ఇవ్వగలిగిన మంచి జ్ఞాపకాల్లో ఒకటి.

ఒంటిమిట్ట సంగతి వేరు. అక్కడ కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, పండువెన్నెల్లో జరుగుతుంది. మరునాడు రథోత్సవం. 2025లో ఏప్రిల్ 11 రాత్రి కల్యాణం, 12న తేరు. రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ లాంఛనాలు ఇక్కడికి వచ్చినప్పటి నుంచి కల్యాణానికి జనం విపరీతంగా పెరిగారు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, రాత్రి కల్యాణం చూసి, ఏ చెట్టు కిందో కునుకు తీసి, పొద్దున తేరు కూడా చూసి పోదామనుకోవడం. పాతికేళ్లవాళ్లు ఆ పని చేయగలరు. అరవై దాటినవాళ్లను అట్లా కష్టపెట్టకండి. రెండింటిలో ఒకటి చాలు. తేరే కావాలంటే ఆ రాత్రి కడపలో పడుకుని పొద్దున్నే బయలుదేరండి, ఇరవై అయిదు కిలోమీటర్లే.

పులివెందులవాళ్లకు పొరుగునే కదిరి నరసింహస్వామి బ్రహ్మరథోత్సవం ఉంది. హోళీ పున్నమి వెళ్లిన వారం లోపు వస్తుంది. తేరు మీదికి దవనం, మిరియాలు చల్లి మొక్కు తీర్చుకుంటారు. దవనం వాసన పట్టిన ఆ వీధుల్లో ఒకసారి నిలబడితే మరిచిపోలేరు. కానీ ఆ జనం చాలా పెద్ద జనం. జీవితంలో మొదటి తేరుకు పిల్లల్ని అక్కడికి తీసుకుపోవద్దని నా సలహా. ముందు చిన్న తేర్లు చూడనివ్వండి.

ఇక ప్రొద్దుటూరు ఊళ్లోనే ఉన్నవాళ్లు దసరా ముగింపులో వచ్చే తొట్టి మెరవణిని వదులుకోవద్దు. అది మోకులతో లాగే తేరు కాకపోయినా, అమ్మవారిశాల నుంచి అమ్మవారు ఊరేగింపుగా మన వీధుల్లోకి వచ్చే రాత్రి. పగటి ఎండ భయం లేదు. నడవలేనివాళ్లకు అంతకన్నా సులువైన దర్శనం ఇంకోటి లేదు.

3. పోయిన ఏడాది తేదీని నమ్ముకోవద్దు

తేరు తిథిని బట్టి నడుస్తుంది. రథసప్తమి 2024లో ఫిబ్రవరి 16న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న. చూశారా, ఎంత ముందుకు జరిగిందో? "పోయినసారి ఫిబ్రవరి నడిమిలో కదా" అనుకుని సెలవు పెట్టుకున్నవాళ్లు తేరు అయిపోయాక వస్తారు. బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చే పిల్లలు ఇంకా ముందుగా టికెట్లు చేసుకుంటారు కాబట్టి వాళ్లకు ఈ చిక్కు ఎక్కువ.

ఏం చేయాలి? బ్రహ్మోత్సవాలకు కొన్ని రోజుల ముందు గుడి దగ్గర గోడపత్రిక అంటిస్తారు. దేవస్థానం వాహనసేవల పట్టిక ప్రకటిస్తుంది, జిల్లా పేపర్లలోనూ వేస్తారు. ధ్వజారోహణం ఏ రోజు, గరుడసేవ ఏ రోజు, రథోత్సవం ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది అందులో ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టండి. మాటతో చెప్పిన తేదీ మారిపోతుంది, ఫొటో మారదు.

ఇంకో మెలిక కూడా ఉంది. పట్టికలో రాసేది తేరు కదిలే గంట. మీరు కూర్చునే వీధికి అది ఎప్పుడు వస్తుందో ఎవరూ రాయరు. తేరు ఒక్కో అడుగూ ఆగుతూ పోతుంది. హారతులకు ఆగుతుంది, మలుపులో తిప్పడానికి ఆగుతుంది, మోకు సర్దడానికి ఆగుతుంది. కాబట్టి రాసిన గంటకు కనీసం గంట ముందు చేరుకోండి. ఆ తర్వాత మూడు గంటలు మీవి కావనుకోండి. మధ్యాహ్నం ఇంకో పెళ్లికి పోవాలని పెట్టుకున్నారా? ఏదో ఒకటి మానుకోండి. గడియారం చూసుకుంటూ తేరు చూడలేరు.

4. ఎక్కడ నిలబడాలి?

ఇదే అసలు పని. దీన్ని తేరు రోజున చేయకండి. వీలైతే రెండు మూడు రోజుల ముందు, చిన్న వాహనసేవ ఉన్న సాయంత్రం పోయి వీధులన్నీ ఒకసారి నడిచి రండి. జనం తక్కువగా ఉంటారు, దర్శనమూ బాగా అవుతుంది. నడుస్తూ ఈ సంగతులు గమనించండి.

తేరు ఏ వైపు నుంచి తిరుగుతుంది? మామూలుగా ప్రదక్షిణగానే తిరుగుతుంది, అయినా అక్కడి అంగడివాళ్లను అడగండి. "అన్నా, తేరు యాడ ఆగుతాది? మీ అంగడి ముందరికి ఎన్ని గంటలకొస్తాది?" అంటే వాళ్లు చెప్పినంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేరు. ఏళ్ల తరబడి చూస్తున్నారు కదా.

నీడ ఎటు పడుతుంది? పొద్దున తేరు అయితే వీధికి తూర్పు వైపు ఇళ్ల పక్కన నీడ ఉంటుంది. మీరు అటు నిలబడాలి. ఎండ మొహం మీద పడే చోట ముందు వరసలో నిలబడటం కన్నా నీడలో మూడో వరస మేలు.

మలుపుల దగ్గర నిలబడొద్దు. అక్కడే తేరు అందంగా కనపడుతుందని అందరూ ఎగబడతారు. నిజమే, తేరు మెల్లగా తిరిగే దృశ్యం చాలా బాగుంటుంది. కానీ అంత బరువు అటూ ఇటూ వాలేది, మోకు ఒక్కసారిగా పక్కకు లాగి జనం మీదికి వచ్చేది అక్కడే. జనం వెనక్కి జరగాల్సి వచ్చినప్పుడు వెనక గోడ ఉంటే ఎటు పోతారు? తిన్నగా ఉన్న వీధిలో, పక్కన సందు ఉన్న చోటు చూసుకోండి. ఇబ్బంది వస్తే ఆ సందులోకి తప్పుకోవచ్చు.

కాస్త ఎత్తున్న అరుగు దొరికితే అదే మంచి చోటు. ఇంటివాళ్లను ముందే మర్యాదగా అడగండి. "అమ్మా, మా అవ్వ నడవలేదు, తేరు పోయేదాకా మీ అరుగు మీద కూర్చోబెట్టుకుంటాం" అంటే మన సీమలో కాదనే ఇల్లు అరుదు. అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. పోయేటప్పుడు ఒక సంచిలో చీనీకాయలో, రెండు మూరల పూలో పట్టుకుపోండి. తేరు వెళ్లాక అరుగు మీద మనం పారేసిన తొక్కలు, కాగితాలు మనమే ఎత్తేసి రండి. మరుసటేడు ఆ ఇల్లే మిమ్మల్ని పిలుస్తుంది.

మిద్దె మీద నుంచి చూద్దామా అంటారు కొందరు. పైకెక్కితే సామి మొహం కన్నా తేరు కప్పే ఎక్కువ కనపడుతుంది. పిట్టగోడ సరిగ్గా లేని మిద్దె మీదికి, నలభై మంది ఎక్కిన మిద్దె మీదికి పిల్లల్ని పంపకండి.

5. దారి, బస్సు, బండి

తేరు రోజున పోలీసులు గుడి చుట్టూ వీధుల్లోకి బండ్లు రానివ్వరు. కారులో గుడి దాకా పోవచ్చన్న ఆలోచన మానేయండి. ఊరి బయటే పెట్టి నడవాలి. అవ్వ అంత దూరం నడవలేకపోతే దారి మూయకముందే, పొద్దున్నే ఆటోలో ఆమెను అరుగు దగ్గర దింపి, ఆ తర్వాత బండి పెట్టుకోవడానికి పోండి. ఈ ఒక్క వరస మారిస్తే సగం కష్టం తీరిపోతుంది.

బస్సులో పోయేవాళ్లకు ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. పండగ రోజున ఆ బస్సులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి తొలి బస్సుకే పోండి. వచ్చేటప్పుడు తేరు ఆగీ ఆగగానే బస్టాండుకు పరుగెత్తకండి. అందరూ అదే పని చేస్తారు. ఒక గంట ఆగి, అన్నదానం దగ్గర రెండు మెతుకులు తిని, నిదానంగా బయలుదేరండి.

6. సంచిలో ఏముండాలి?

తక్కువే ఉండాలి. చేతులు ఖాళీగా ఉండాలి.

మనిషికి ఒక నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు, పల్చని తువ్వాలు, చిన్న గొడుగు. రోజూ వేసుకునే మందులు. బొరుగులు, అరటిపండ్లు. చిల్లర డబ్బు, గుర్తింపు కార్డు. అంతే. చిత్రాన్నం కట్టుకుంటే పొద్దున పదిలోపే తినేయండి, ఎండకు చెడిపోతుంది.

నగలు ఇంట్లో పెట్టి రండి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు, ఆడపిల్లకు నగ పెట్టి పండక్కి పంపడం మనకు గౌరవం. అది నాకూ ఇష్టమే. పెళ్లికి పెట్టండి, వ్రతానికి పెట్టండి. జనంలో మెడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే దండం ఎట్లా పెడతారు?

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. తేరు తీగలకు తగలకుండా, అది పోయే వీధుల్లో కరెంటు తీసేయడం మామూలే. అరుగు ఇచ్చినవాళ్ల ఇంట్లో కూడా ఫ్యాను తిరగదు, మోటారు పనిచేయదు. ఇంటి దగ్గరే ఫోను నిండా చార్జింగ్ పెట్టుకోండి. విసనకర్ర ఒకటి పట్టుకోండి.

7. మే నెల ఎండతో ఆటలొద్దు

కడప జిల్లా ఎండ గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా తేరు రోజున మనకు తెలిసిందే మనం మరిచిపోతాం. ఎందుకు? ఉపవాసం. "సామిని చూసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను" అంటుంది అత్త. ఆమెకు షుగరు, బీపీ రెండూ ఉంటాయి. మాత్ర వేసుకుని అన్నం తినకుండా ఎండలో నిలబడితే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఆమెతో వాదించి లాభం లేదు. ముందు రోజే, కూర్చోబెట్టి, నిదానంగా మాట్లాడండి. "అత్తా, నువ్వు కింద పడితే మేమంతా నిన్ను చూసుకుంటాం గానీ సామిని చూడలేం గదా. పాలో పండో తీసుకో, నీ ఉపాసం చెడదు" అంటే వింటుంది. డాక్టరు చేత చెప్పిస్తే ఇంకా బాగా వింటుంది.

దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకొకసారి రెండు గుక్కలు తాగండి. ఇంటి నుంచి తెచ్చుకున్న పల్చటి మజ్జిగ ఉప్పు వేసుకుని తాగితే అంతకన్నా మందు లేదు. కాళ్లకు చెప్పులు లేకుండా తారు రోడ్డు మీద నడవాల్సి వస్తే తడిపిన చోట నడవండి, పిల్లల్ని ఎత్తుకోండి.

ఎవరైనా తల తిరుగుతోందంటే వెంటనే నీడకు తీసుకుపోయి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో మెడ, చంకలు తుడవండి. తెలివిలో ఉంటేనే నీళ్లు పట్టండి. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, తెలివి తప్పినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయండి. "కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది" అని ఆగొద్దు.

8. పిల్లలు తప్పిపోకుండా

పిల్లల జేబులో చీటీ పెట్టండి. పేరు, మీ ఫోన్ నంబరు చాలు. చీటీ పోతుందనుకుంటే ముంజేతి మీద పెన్నుతో నంబరు రాయండి. బయలుదేరేటప్పుడు పిల్లల్ని ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఏ చొక్కా వేసుకున్నాడో కంగారులో గుర్తుండదు, ఫొటో చూపిస్తే పోలీసులకు పని సులువు.

కలుసుకునే చోటు ముందే చెప్పండి. "ధ్వజస్తంభం దగ్గర" అని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడే కదా జనమంతా ఉండేది! గుడికి దూరంగా, పిల్లవాడు గుర్తుపట్టగలిగే ఫలానా మెడికల్ షాపో, స్కూలు గేటో అనుకోండి. పోయేటప్పుడు ఆ చోటు పిల్లవాడికి వేలు పెట్టి చూపించండి. దారి తప్పితే యూనిఫాంలో ఉన్న పోలీసు దగ్గరికి గానీ, పిల్లల్ని ఎత్తుకున్న అమ్మ దగ్గరికి గానీ పొమ్మని చెప్పండి.

9. మోకు పట్టాలనుకునేవాళ్లకు

తేరు లాగడం గొప్ప పుణ్యమని మనవాళ్లు నమ్ముతారు. ఒక్కసారి మోకు పట్టి చూడండి, ముందు వందమంది, వెనక వందమంది, గోవింద నామానికి అందరి చేతులూ ఒక్కసారి బిగిసే ఆ క్షణం మాటల్లో చెప్పలేం. కాబట్టి వద్దనను. ఎట్లా పట్టాలో చెబుతాను.

మోకుకు బయటి వైపు ఉండండి. రెండు మోకుల మధ్యకు పోవద్దు. అక్కడ జారితే తేరు చక్రం మీ వైపే వస్తుంది. మోకును చేతికి చుట్టుకోవద్దు, నడుముకు చుట్టుకోవడం అసలే వద్దు. పట్టుకోవాలి, వదలాలనుకుంటే వెంటనే వదిలేసేట్టు ఉండాలి. పంచె మోకాళ్ల పైకి మడిచి కట్టండి. చక్రాల కింద కట్టెలు పెట్టి తేరును ఆపే, తిప్పే మనుషులు ఉంటారు. వాళ్లు ఆపమంటే ఆపాలి. వాళ్ల కళ్లకు అడ్డంగా నిలబడి సెల్ఫీ తీసుకోవడం చాలా ప్రమాదం. ఏదైనా కింద పడితే, అది ఫోనైనా సరే, వంగొద్దు. పక్కకు తప్పుకుని, తేరు పోయాక వెతుక్కోండి.

తీగల సంగతి పట్టించుకోండి. 2022 ఏప్రిల్ 27 తెల్లవారుజామున తంజావూరు దగ్గర కళిమేడులో తేరు కరెంటు తీగకు తగిలి పదకొండు మంది చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు వచ్చి అయిదుగురు పోయారు. అవి పెద్ద దేవస్థానాల తేర్లు కావు, వీధివాళ్లు, ఊరివాళ్లు కట్టుకున్నవి. మీ వీధిలో కూడా వినాయకచవితికో శ్రీరామనవమికో రథం కడతారు కదా? ఎత్తు కొలిచి కట్టండి, కరెంటు ఆఫీసుకు ముందే చెప్పండి, తీగల కింద నుంచి పోయేటప్పుడు కరెంటు తీయించండి. కర్రతో తీగను పైకి ఎత్తి పట్టుకుని రథం పోనిచ్చే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. మీ పిల్లవాడు ఆ కర్ర పట్టుకుంటే చేతిలోంచి తీసేసుకోండి.

10. జనం ఒత్తిడి పెరిగితే

2025 జూన్ 29న పూరీలో గుండిచా గుడి దగ్గర తొక్కిసలాటలో ముగ్గురు చనిపోయారు. ఇది పెద్ద ఊళ్లకే పరిమితమని అనుకోవద్దు. ఇరుకు వీధి ఏ ఊళ్లోనైనా ఒకటే.

మీ భుజాలు పక్కవాళ్ల భుజాలకు తగిలి, మీరు తలుచుకోకుండానే కాళ్లు కదులుతున్నాయంటే అప్పటికే ఆలస్యమవుతోంది. దర్శనం కోసం ఆగకుండా పక్కకు రావడం మొదలుపెట్టండి. ఎదురు నడవద్దు. జనం కదిలే వైపే కొంచెం కొంచెం ఏటవాలుగా జరుగుతూ అంచుకు చేరుకోండి. రెండు చేతులూ రొమ్ము ముందు పెట్టుకుంటే ఊపిరి ఆడే జాగా ఉంటుంది. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకోండి. పక్కన ఎవరైనా పడితే చెయ్యి ఇచ్చి లేపండి, "ఆగండి, మనిషి పడ్డాడు" అని వెనక్కి అరవండి. అవసరమైతే 112.

మీరు నీడలో, సందు పక్కన అరుగు మీద ఉంటే ఈ సలహా మీకు అక్కరకు రాకపోవచ్చు. అందుకే నాలుగో సలహాకు అంత చోటిచ్చాను.

11. తేరు మీ ముందుకొచ్చినప్పుడు

ఫోన్ జేబులో పెట్టండి. ఒక ఫొటో తీసుకోవాలంటే తేరు దూరంలో ఉండగానే తీసుకోండి. దగ్గరికొచ్చాక మీ కళ్లతో చూడండి. అరటిపండో, దవనమో వేయాలనుకుంటే పైకి, నెమ్మదిగా వేయండి. తేరు మీద అర్చకులుంటారు, గట్టిగా విసిరితే వాళ్లకు తగులుతుంది. మీ వెనక పొట్టిగా ఉన్నవాళ్లెవరన్నా నిలబడి ఉంటే, మీరు చూడటం అయ్యాక వాళ్లను ముందుకు పిలవండి.

మా జేజిని మరుసటేడు నేను తేరు వెంట తిప్పలేదు. రెండు రోజుల ముందే పోయి, తిన్నటి వీధిలో ఒక ఇంటివాళ్లను అడిగాను. పొద్దున ఏడింటికే ఆటోలో దింపి, అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆ ఇంటావిడ ఆమెకు మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ ఎవరి ఊరు ఏది, ఎవరి పిల్లలు ఎక్కడున్నారు అని రెండు గంటలు మాట్లాడుకున్నారు. మేళం దగ్గరయ్యేకొద్దీ జేజి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. హారతి కోసం తేరు ఆ ఇంటి ముందరే ఆగింది. నేను ఆమెను లేపబోయాను. ఆమె నా చెయ్యి పక్కకు తోసి, తనే లేచి నిలబడింది.